అత్తయ్యకు నేర్పిన పది జవాబులు

"రెండూ ఎడమ చేతులే!"

బల్ల మీద పరిచి ఉన్న ఆ రెండు గుడ్డ ముక్కలను కోడలు గుండీ తిప్పి చూసింది. మళ్లీ తిప్పి చూసింది... ఎటు తిప్పినా అంతే! ఆ సాయంత్రానికల్లా కుట్టి ఇవ్వాల్సిన పెళ్లికొడుకు కోటు అది. గుడ్డ అతను ఎక్కడినుంచో ఏరి కోరి తెచ్చుకున్నాడు. జానెడు ముక్క కూడా మిగల్లేదు. కోటుకి కుడి చెయ్యి లేదు!

గుడ్డను మంచి వైపు లోపలికి పెట్టి, మడత వేసి, రెండు చేతులూ ఒకేసారి కత్తిరించాలని గుండీకి పదిహేనో ఏట నేర్పింది అత్తయ్యే. నలభై ఏళ్లుగా కత్తెర పట్టిన మనిషి! వీధి వీధంతా టైలరమ్మ అని పిలుచుకునే మనిషి! అలాంటి మనిషి ఇవాళ మడత వెయ్యడం మరిచిపోయి, ఒకే అచ్చు రెండుసార్లు గీసి, రెండుసార్లు కోసి, కత్తెర పక్కన పెట్టి, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ తీరిగ్గా కూర్చుంది. "ఏమే గుండీ, అలా నిలబడ్డావేం? టీ పెట్టవే," అంది మామూలుగా... చాలా మామూలుగా!

గుండీ ఆ ముక్కల వంక ఇంకోసారి చూసి, టీ పెట్టడానికి లోపలికి నడిచింది.

ఆమె అసలు పేరు ఆ ఇంట్లో ఎవరికీ అవసరం పడలేదు. పదో తరగతిలో లెక్కలు తప్పి, మళ్లీ కట్టడానికి ఇంట్లో ఒప్పుకోక, చొక్కాలకి గుండీలు కుట్టే పనికి ఆ కొట్లో చేరింది. "గుండీల పిల్లా" అని పిలిచి పిలిచి చివరికి "గుండీ" చేసింది టైలరమ్మ. ఐదేళ్లు పోయాక, "నా కొడుక్కి ఈ పిల్లనివ్వండి, నాకింకేమీ అక్కర్లేదు" అని తనే వెళ్లి అడిగి కోడల్ని చేసుకుంది. అప్పటినుంచీ ముందుగదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం, పైన అద్దెకిచ్చిన వాటా... అన్నీ టైలరమ్మ కష్టార్జితమే. భర్తది బస్సు డ్రైవరు ఉద్యోగం. నాలుగేళ్ల కూతురు. దాని అల్లరికి దాన్నందరూ పిడుగు అనేవారు.

పెళ్లికొడుకు రానే వచ్చాడు. చూశాడు. ముఖం కందగడ్డ అయింది. "ఎవరు కోశారిది?" అని అరిచాడు.

"నేనేనండీ," అంది గుండీ తల వంచుకుని. "మా అత్తయ్య చెబుతూనే ఉన్నారు, నేనే తొందరపడ్డాను... గుడ్డ ఖరీదు ఇచ్చేస్తాం, క్షమించండి..."

అతను నానా మాటలూ అని వెళ్లిపోయాడు. సరిగ్గా ఆ సమయానికే ఆడపడుచు లోపలిగదిలో ఉండడం గుండీ దురదృష్టం! ఆవిడది ఒక బడి ఆఫీసులో ఉద్యోగం. నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉంటుంది. రెండు రోజులు సెలవు పెట్టుకుని అమ్మను చూద్దామని ఆ పొద్దున్నే దిగింది. అన్నీ విన్నది, గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"భేష్! బాగుందమ్మాయ్! మా అమ్మ నలభై ఏళ్లు కళ్లు పోగొట్టుకుని సంపాదించిన పేరు, నువ్వు నాలుగు రోజుల్లో మంట కలిపావు! చేతకాకపోతే కత్తెర ముట్టుకోకూడదు. ఆ మాత్రం తెలియదా నీకు?"

గుండీ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. కానీ చెప్పలేదు... ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. అత్తయ్య తప్పు కోసిన గౌన్లు ఎన్ని తను మళ్లీ సరిచేసిందో! ఒకరి కొలతలు ఇంకొకరి చీటీ మీద రాస్తే ఎన్నిసార్లు కూర్చుని దిద్దిందో! కూరగాయలకని వెళ్లి వెనక వీధిలో దిక్కులు చూస్తూ నిలబడిపోయిన అత్తయ్యను, "నేనూ ఇటే వస్తున్నానండీ" అని నవ్వుతూ ఎన్నిసార్లు వెంటబెట్టుకొచ్చిందో! భర్తకి కూడా చెప్పలేదు. చెబితే నిజమైపోతుందేమోనని భయం...

"దాన్నేం అనకే," అన్న మాట వినిపించి ఇద్దరూ వెనక్కి తిరిగారు.

టైలరమ్మ ఆ రెండు ముక్కల్నీ ఒళ్లో పెట్టుకుని నిమురుతోంది. "కోసింది నేను. అది అబద్ధం చెబుతోంది. ఇవాళ్టిది కాదు, ఏడాదినుంచీ చెబుతూనే ఉంది. నాకు తెలియదనుకుంటోంది పిచ్చి మొహం!" అని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే వణికింది. "నా తలలో ఏదో కుట్టు ఊడిపోతోందే అమ్మాయ్... డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి నన్ను."

* * *

డాక్టరు చెప్పిన మాటలు గుండీకి సగం అర్థమయ్యాయి, సగం కాలేదు. మరుపు జబ్బట. వయసుతో వచ్చే మామూలు మరుపు కాదట. మందులు దాన్ని ఆపవు, కాస్త నెమ్మది చేస్తాయంతే. మూడేళ్లో, నాలుగేళ్లో... ఆ తర్వాత స్నానం చేయించాలి, తినిపించాలి, కనిపెట్టుకుని ఉండాలి. "ఇప్పుడు ఇంకా మొదట్లోనే ఉన్నారు. ఏవైనా రాతకోతలు ఉంటే వెంటనే చూసుకోండి. ఆర్నెల్ల తర్వాత నేనేమీ మాటివ్వలేను," అన్నాడాయన.

ఆడపడుచు ఏడ్చి ఏడ్చి సెలవు అయిపోగానే బస్సెక్కింది. టైలరమ్మ మాత్రం ఏడవలేదు. మర్నాడే కొడుకుని తోడు తీసుకుని, కోడల్ని వెంటబెట్టుకుని లాయరమ్మ గుమ్మం ఎక్కింది. "నా మతి నాలో ఉండగానే, అది పోయాక నన్నేం చెయ్యాలో రాసేసుకుంటాను. మీరేం రాస్తారో రాయండి," అంది, కొలతలిచ్చినంత తేలిగ్గా!

లాయరమ్మ నెమ్మదస్తురాలు. విడమరిచి చెప్పింది. "ఇది వీలునామా కాదమ్మా. వీలునామా మనిషి పోయాక మాట్లాడుతుంది. ఇది మీరు బతికుండగానే, మీరు మాట్లాడలేని రోజున మీ బదులు మాట్లాడుతుంది. మీ డబ్బు ఎవరు చూడాలి, మీ వైద్యం సంగతి ఎవరు తేల్చాలి, మీరెక్కడ ఉండాలి, దానికి ఖర్చు ఎందులోంచి రావాలి... అన్నీ ఇందులో ఉంటాయి. ఇది లేకుండా మీ మతి తప్పిందనుకోండి, మీ బ్యాంకులో ఉన్న డబ్బు మీ మందులకే తియ్యలేరు వీళ్లు. కోర్టుకి వెళ్లాలి. ఏళ్లు పడుతుంది."

"మరి ఇంకేం? ఇవాళే సంతకం చెయ్యనా?"

"రిజిస్ట్రారు ముందు సంతకం చెయ్యాలమ్మా. మీకు తెలిసే చేస్తున్నారా, ఎవరైనా చేయిస్తున్నారా అని ఆయన నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. తేదీ, వారం, అలాంటివి. ఆయనకి నమ్మకం కుదరకపోతే ఒప్పుకోడు. అదొక్కటే."

అదొక్కటే! లాయరమ్మకి అది ఒక్కటే. గుండీకి మాత్రం పరీక్ష! పరీక్ష అన్న మాట వింటేనే ఆమెకు ఇప్పటికీ అరచేతులు చెమటలు పడతాయి. పరీక్ష తప్పితే ఏమవుతుందో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? ఒక్క కాగితం మీద ముప్ఫై మార్కులు తక్కువైతే జీవితం ఏ దారిన పోతుందో ఆమె చూసింది కదా! ఇప్పుడు అత్తయ్య తప్పితే...? కోర్టులు, వాయిదాలు, బ్యాంకు గుమ్మాలు... ఈయన జీతంలో నర్సును పెట్టగలమా? కొట్టు మూసుకుని తను పగలూ రాత్రీ కూర్చుంటే, పిడుగు బడి ఫీజు ఎక్కడినుంచి వస్తుంది?

ఇంటికి రాగానే పాత నోటుబుక్కు తీసింది. వంకర టింకర అక్షరాలతో పది ప్రశ్నలు, పది జవాబులు రాసింది. ఒకటి, వారం. రెండు, తేదీ. మూడు, పిల్లలెంతమంది. నాలుగు, ఇంటి నంబరు... అలా. బుధవారం, పద్నాలుగో తేదీ రమ్మన్నారు గనక అవే రాసింది. పొద్దున్న మిషను ముందు కూర్చోబెట్టి, మధ్యాహ్నం భోజనమయ్యాక, సాయంత్రం దీపం పెట్టే వేళ... రోజుకి మూడు పూటలా చదివించింది. పిడుగుకి పద్యాలు నేర్పినట్టే, వరస తప్పకుండా, రాగంతో!

"ఈ రోజు ఏ వారం అత్తయ్యా?"

"బుధవారం."

"తేదీ?"

"పద్నాలుగు. ఏమే, ఇవాళ శుక్రవారం కదుటే? అబద్ధం చెప్పమంటావేం?"

"ఆ రోజుకి బుధవారం అవుతుందండీ. మీరు చెప్పండి. మీ వారి పేరు?"

"ఆయన పోయి పదేళ్లయింది. ఇప్పుడా పేరు ఎవరికి కావాలే? ఆయనకేమైనా ఉత్తరం రాస్తారా?"

గుండీకి నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది. నడుమ పిడుగొకటి! నాయనమ్మ తడుముకున్న చోటల్లా అది గంతులేస్తూ అందించేది. "పద్నాలుగో తేదీ! ఇద్దరు పిల్లలు! నాయనమ్మా, నేనే ఫస్టు!" వారం తిరిగేసరికి పదికి పది చెప్పింది టైలరమ్మ. గుండీ ఆ పూట కడుపునిండా తిన్నది.

మంగళవారం మధ్యాహ్నం రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి! రిజిస్ట్రారుగారు సెలవు, గురువారం రమ్మని లాయరమ్మ కబురు ఒకటి. అమ్మ నోటే సంగతి విన్న ఆడపడుచు ఫోను రెండోది. భర్త ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నా ఆవిడ గొంతు గది మూలల్లో మోగింది.

"ఒరేయ్ తమ్ముడూ! అమ్మకి మతిలేదని డాక్టరు చెప్పి నెల తిరగలేదు, అప్పుడే సంతకాలు పెట్టించుకుంటున్నారా? డబ్బు పెత్తనం నీకు, అమ్మ పెత్తనం నీ పెళ్లానికి! మరి నేనెవర్ని? దారిన పోయే దాన్నా?"

"అక్కా, అది కాదే... అమ్మే అడిగింది..."

"అమ్మ చేత అడిగించారు! నేనూ వస్తా ఆ ఆఫీసుకి. ఎలా చేయిస్తారో నేనూ చూస్తా!"

భర్త ఫోను పెట్టేసి తల పట్టుకున్నాడు. "అటు అక్క, ఇటు అమ్మ... బస్సైతే బ్రేకు తొక్కితే ఆగుతుంది. వీళ్లెక్కడ ఆగుతారు?" అన్నాడు దీనంగా. గుండీ నోటుబుక్కులో బుధవారం కొట్టేసి గురువారం అని, పద్నాలుగు కొట్టేసి పదిహేను అని రాసింది. ఒక్క పూటలో కొత్తది ఎక్కించగలనా దేవుడా!

* * *

రిజిస్ట్రారు ఆఫీసులో చెక్క బెంచీలు, కట్టలు కట్టలుగా ఫైళ్లు, నెమ్మదిగా తిరిగే ఫ్యాను. పిడుగును చూసుకునే దిక్కులేక చంకనేసుకు వచ్చింది గుండీ. ఆడపడుచు అప్పటికే వచ్చి ఎదురు బెంచీ మీద కూర్చుంది. పలకరించలేదు. అమ్మ పక్కకి వచ్చి చెయ్యి పట్టుకుంది, తమ్ముడి వైపు మాత్రం చూడలేదు.

పిలిచారు. రిజిస్ట్రారు తల నెరిసిన మనిషి. కళ్లజోడు పైనుంచి చూసే అలవాటు. టైలరమ్మను ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, మిగతా వాళ్లందర్నీ వెనక బల్ల మీద కూర్చోమన్నాడు. గుండీ పెదవులు తనకు తెలియకుండానే కదులుతున్నాయి... ఒకటి, రెండు, మూడు...

"రండమ్మా. దేంట్లో వచ్చారు, బస్సులోనా?" అన్నాడాయన మర్యాదగా.

టైలరమ్మ నిటారుగా కూర్చుంది. "బుధవారమండీ," అంది.

ఆయన కలం ఆగింది. "అది కాదమ్మా. ఎలా వచ్చారు అంటున్నాను."

"పద్నాలుగో తేదీ."

గుండీ లేచి చెప్పబోయింది. సరిగ్గా అప్పుడు... ఆమె ఒళ్లోంచి జారి, బల్ల అంచు పట్టుకుని నిలబడి, పిడుగు తన చిన్న గొంతెత్తి గట్టిగా అరిచింది.

"ఇప్పుడు మూడోది నాయనమ్మా! ఇద్దరు పిల్లలు! ఒక అబ్బాయి, ఒక అమ్మాయి!"

రిజిస్ట్రారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ పాపకి ఎవరు నేర్పారు?"

దాచేందుకు ఏముంది ఇంక? గుండీ లేచి నిలబడింది. "నేనేనండీ... మా అత్తయ్యకి నేర్పుతుంటే అదీ నేర్చుకుంది. తప్పు చెబుతారేమోనని భయమేసిందండీ... పరీక్ష కదా అని..."

"చూశారా!" ఆడపడుచు బల్ల మీద చరిచి లేచింది. "నా కళ్లముందే! మా అమ్మని చిలకని చేసి ఆడిస్తున్నారు!"

ఆయన ఫైలు మూసేశాడు. "జవాబులే నేర్పితే, ఈ కాగితం కూడా నేర్పింది కాదని నేనెలా నమ్మాలమ్మా?"

లాయరమ్మ ముందుకు వచ్చింది. "సార్, ఆవిడ తేదీ చెప్పలేకపోవచ్చు. కానీ చట్టం అడిగేది తేదీ కాదు కదా. తను ఏం రాసిస్తోందో తనకు తెలుసా లేదా, అంతే. కాగితం గురించి అడగండి."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "సరే. అందరూ బయటికి వెళ్లండి. కొడుకు, కూతురు, కోడలు... మీరు కూడా లాయరుగారూ. ఒక్కరు కూడా కిటికీ దగ్గర నిలబడొద్దు."

* * *

వరండాలో గోడకి ఆనుకుని గుండీ కూలబడిపోయింది. భర్త పిడుగును ఎత్తుకుని మెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు. పిల్ల ఏమీ అర్థంకాక, "నేను కరెక్టే చెప్పాను కదా నాన్నా?" అని అడుగుతోంది...

ఎవరి మీద పడి ఏడవాలి? అన్నీ తనే చేసింది! ఏడాది దాచింది తనే. పది జవాబులు కుక్కింది తనే. అత్తయ్య మామూలుగా మాట్లాడితే ఎంత చక్కగా మాట్లాడుతుంది! వచ్చింది బస్సులోనే అని, పక్కసీటులో ఎవరు కూర్చున్నారో, ఆ మనిషి చొక్కా కాలరు ఎంత వంకరగా కుట్టారో కూడా చెప్పేది! ఆవిడ నోట్లోంచి ఆవిడ మాట లాగేసి తన మాట పెట్టింది తను...

"ఎంతకాలం నుంచి?" అంది పక్కన ఒక గొంతు.

ఆడపడుచు. నిప్పులు చెరుగుతుందనుకుంది గుండీ. కానీ ఆవిడ గొంతు చల్లబడి ఉంది.

"ఏడాది దాటింది వదినా. అంతా నా తప్పే... మీకు చెప్పాల్సింది..."

"చెబితే వినేదాన్నా?" ఆవిడ గోడకి జారగిలబడి, అలా జారి జారి నేల మీదే కూర్చుంది, ఆఫీసు బట్టల్లోనే. "అమ్మ రోజూ ఫోన్ చేసేది. ఒకే కబురు మూడుసార్లు చెప్పేది. 'ఇందాకే చెప్పావు కదమ్మా' అని విసుక్కుని పెట్టేసేదాన్ని. నాకు తెలుసు గుండీ... నీకంటే ముందే తెలుసు! తెలిసే తెలియనట్టు ఊరుకున్నా. ఒప్పుకుంటే అమ్మను నేను తీసుకెళ్లాలి కదా! నా ఇంట్లో అందుకు ఒప్పుకోరు. అందుకే నువ్వు దొరికావు నాకు... తిట్టడానికి."

ఆవిడ ముఖం చేతుల్లో కప్పుకుంది. గుండీకి ఇన్నేళ్లలో ఆవిడను తాకిన గుర్తు కూడా లేదు. మెల్లగా చెయ్యి జాపి ఆవిడ భుజం మీద వేసింది. ఆవిడ తోసెయ్యలేదు.

పది నిమిషాలు... పావుగంట... అరగంట! లోపలినుంచి మాట లేదు, పలుకు లేదు. ఒకసారి మాత్రం రిజిస్ట్రారు నవ్వినట్టు వినిపించింది. ఇద్దరూ ఉలిక్కిపడి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ తలుపు తెరుచుకుని 'కుదరదు' అంటే...? గుండీ ఆ పైన ఆలోచించలేకపోయింది.

తలుపు తెరుచుకుంది. "టైలరమ్మ తాలూకు వాళ్లు రండి!"

* * *

బల్ల మీద కాగితం ఉంది. టైపు చేసిన వరసల పక్కన చేతిరాతతో ఏవో కొత్త వరసలున్నాయి. టైలరమ్మ అలిసిపోయినట్టుంది, కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

"తేదీ మళ్లీ అడిగాను, మళ్లీ తప్పే చెప్పారు," అన్నాడు రిజిస్ట్రారు. "తర్వాత ఆవిడకి ఏమేం ఉన్నాయో, ఎవరెవరున్నారో, ఎవరు ఎలాంటి వాళ్లో అడిగాను. అద్దె ఎంత వస్తుందో, పైవాటా వాళ్లు ఏ నెల ఎగ్గొట్టారో కూడా చెప్పారు. నా కోటు భుజం ఒక వైపు దిగిందని కూడా చెప్పారు! అప్పుడు ఈ కాగితం చదివి వినిపించాను. లాయరుగారూ, మీ కాగితం తప్పట. ఆవిడ చెప్పిందే చేర్చాను. వినండి."

ఆయన చదివాడు. బ్యాంకు డబ్బు కొడుకు ఒక్కడు కాదు, కొడుకూ కూతురూ ఇద్దరూ సంతకం పెడితేనే తియ్యాలి. లెక్క కూతురు రాయాలి. పైవాటా అద్దె, కొట్టు మీద వచ్చేది, అవసరమైతే కొట్టు అమ్మగా వచ్చేది... ముందు తన సంరక్షణకే ఖర్చు పెట్టాలి. పిల్లలకు మిగల్చాలని తన మందు ఆపకూడదు. ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నా కోడలు నా పని చేసినన్నాళ్లూ నెలనెలా ఆమెకు జీతం ఇవ్వాలి."

"అత్తయ్యా!" గుండీ తల కొట్టేసినట్టయింది. "నాకు జీతమేమిటండీ?"

"నోర్ముయ్యవే. నా కొట్లో ఎవరి చేతా ఊరికే పని చేయించుకోలేదు నేను. ముసలితనాన నీ చేత ఊరికే చాకిరీ చేయించుకుంటానా? మిగతాది విను."

రిజిస్ట్రారు గొంతు సవరించుకున్నాడు. "నా కోడలు 'ఇంక నా వల్ల కాదు' అన్న రోజున, ఎందుకని అడక్కుండా, నర్సులు ఉండే వృద్ధాశ్రమంలో నన్ను చేర్చాలి. అందుకు ఆమెను ఎవరూ ఒక్క మాట అనకూడదు."

ఆ మాట గుండీ చెవిలో పడి, లోపల ఎక్కడో పగిలింది. "లేదు! అలా రాయొద్దు! నేను అనను... ఎప్పటికీ అనను! మిమ్మల్ని ఏ ఆశ్రమానికో పంపుతానా నేను? నాకు అన్నం పెట్టింది మీరు, పని నేర్పింది మీరు... ఇది నేను ఒప్పుకోను!"

"ఆమె కూడా ఒప్పుకుని సంతకం చెయ్యాలమ్మా," అన్నాడు రిజిస్ట్రారు టైలరమ్మతో నెమ్మదిగా. "చెయ్యకపోతే ఇది చెల్లదు."

టైలరమ్మ లేచి కోడలి దగ్గరికి వచ్చింది. ఆ మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇటు చూడవే. ఇవాళ నాకు నీ మొహం తెలుసు. తెలిసిన రోజునే చెబుతున్నా, విను. తెలియని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నేను నిన్ను దొంగ అంటాను. కొడతానేమో. పిడుగును కొడతానేమో! నన్ను పంపించకండి, పంపించకండి అని కాళ్లావేళ్లా పడతానేమో! అదంతా నా మాట కాదు. ఇదీ నా మాట. ఆ రోజు నువ్వు ఆ ముసల్దాని మాట వినకు, నా మాట విను."

"అత్తయ్యా..."

"నీకొక పిల్లుందే. దానికి తల్లి కావాలి. నా మంచం పక్కనే నువ్వు ముసలిదానివైపోతే, ఆ పిల్ల నన్ను తిట్టుకుంటుంది. పెట్టు సంతకం. నన్ను బతిమాలించుకోకు, నడుం నొప్పిగా ఉంది నాకు!"

గుండీ ఏడుస్తూనే కలం అందుకుంది. ఎక్కడ పెట్టాలో వేలుపెట్టి చూపించింది ఆడపడుచు. నీళ్లు నిండిన కళ్లకి గీత రెండుగా కనిపిస్తోంది. ఎలాగో పెట్టింది.

ఇంక టైలరమ్మ వంతు. కలం పట్టుకుని ఆగిపోయింది. ఒక క్షణం... రెండు క్షణాలు... చెయ్యి కదలడం లేదు! గుండీ పెదవి కొరుక్కుంది. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది, అయినా చెప్పలేదు. ఈసారి ఎవరూ ఏమీ అందించలేదు. టైలరమ్మ చూపుడు వేలితో బల్ల మీద ఒకసారి గీసి చూసుకుంది. తర్వాత కలం కాగితానికి ఆనించి, తడుముకోకుండా సంతకం చేసింది.

"తేదీ మాత్రం మీరే వేసుకోండి బాబూ," అంది రిజిస్ట్రారుతో.

* * *

ఏడాదీ ఎనిమిది నెలలు గడిచాయి.

ఆ రోజు వస్తుందని తెలిసీ, రాదేమోనని ఎంత ఆశపడింది గుండీ! ఆడపడుచు నెలకి రెండుసార్లు వచ్చి మూడు రోజులుండి వెళ్లేది. పగటికి ఒక నర్సును పెట్టారు. అయినా సరే, ఒక మధ్యాహ్నం, నర్సు అలా మందుల కోసం వెళ్లిన పది నిమిషాల్లో, టైలరమ్మ పిడుగును "ఎవరే దొంగా నువ్వు" అంటూ వీధిలోకి నెట్టి తలుపు గడియ పెట్టేసింది. గుండీ పెరట్లోంచి పక్క సందుగుండా పరుగెత్తుకొచ్చేసరికి పిల్ల నడిరోడ్డు మీద, లారీ ఒకటి కీచుమని ఆగి, డ్రైవరు కిందకి దిగి... పిల్లకేమీ కాలేదు. మోకాలు గీసుకుపోయిందంతే. కానీ అది ఏడవడం కూడా మరిచిపోయి అలా నిలబడి ఉంది.

గుండీ పిల్లను గుండెకి హత్తుకుని, ఆ చేత్తోనే ఫోను తీసింది.

"వదినా... ఇంక... నా వల్ల కావడం లేదు."

అని, కళ్లు గట్టిగా మూసుకుంది. ఏం అంటుందో! అవతల ఒక్క నిట్టూర్పు వినిపించింది.

"సరే. పొద్దున మొదటి బస్సుకి వస్తున్నా. నువ్వేమీ సర్దకు, నేను సర్దుతా. పిడుగుకి ఏమైనా పెట్టు, నువ్వూ తిను." ఎందుకు అని అడగలేదు ఆవిడ.

భర్త కూడా అడగలేదు. తల్లి మంచం పక్కన కాసేపు కూర్చుని, కళ్లు తుడుచుకుని డ్యూటీకి వెళ్లాడు. ఆశ్రమం కాగితాలన్నీ ఆడపడుచే నింపింది. మొదటి నెల కట్టిన రశీదు మీద అక్కాతమ్ముళ్లిద్దరి సంతకాలూ పక్కపక్కన ఉన్నాయి. వీధిలో వాళ్లు ఏదో అనబోతే, "మా అమ్మ రాసిన ప్రకారమే చేశాం. మీకేమైనా చెప్పాలనుంటే నాకు చెప్పండి" అని ఆడపడుచు నడివీధిలో నిలబడి గట్టిగా చెప్పింది.

ఒక్క మాట... ఒక్కరంటే ఒక్కరు అనలేదు. అంటూ ఉన్నది తనొక్కతే! ఇంకో నెల ఓర్చుకోలేకపోయావా? తలుపుకి తాళం వేసుకుంటే సరిపోయేది కాదా? పొయ్యి దగ్గర, పంపు దగ్గర, మిషను ముందు... లోపల ఆ గొంతు ఆగడం లేదు. అత్తయ్యను ఆశ్రమంలో చేర్చిన నాలుగో రోజు ఇంక తట్టుకోలేక బీరువాలోంచి ఆ కాగితం తీసింది. రిజిస్ట్రారు చేతిరాతతో ఉన్న ఆ వరస కూడబలుక్కుని చదువుకుంది. 'ఆమెను ఎవరూ ఒక్క మాట అనకూడదు.'

ఎవరూ... అంటే తను కూడా కదా!

అత్తయ్య తన ముఖం పట్టుకుని చెప్పింది ఇదేనని అప్పుడు తెలిసింది గుండీకి. ఆ కాగితాన్ని గుండెలకి అదుముకుని, గదిలో ఒక్కతే కూర్చుని తనివితీరా ఏడ్చింది. ఏడుపు ఆగాక ముఖం కడుక్కుంది. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి బీరువాలో పెట్టింది. మూడున్నర కావస్తోంది, పిల్ల బడినుంచి వచ్చే వేళయింది. చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా వేసి, ఎదురెళ్లడానికి బయల్దేరింది.